గాలి జాలీలో పసుపు దారం

సింహగిరి మీద ఏడాది పొడుగునా చందనం మాటున ఉండి, ఒక్క రోజు మాత్రం తన అసలు రూపు చూపించే తండ్రికి, మా అప్పన్నకు, ముందుగా దండం. వరాహమై బురదలోకి దిగడానికి వెనకాడనివాడికి, నరసింహమై నెత్తుట్లో చేతులు ముంచడానికి వెరవనివాడికి, మంచి వాసన, చెడ్డ వాసన అనే భేదం లేకుండా ఈ లోకాన్నంతా ఊపిరిగా పీల్చి వదిలేవాడికి దండం. ఆయన చిత్తం నాకు ఈనాటికీ అర్థం కాలేదు. అర్థం కాకపోయినా ఆయన తప్ప వేరే దిక్కు లేనివాణ్ణి కనుక, ఆయన పేరుతోనే ఈ నాలుగు మాటలూ మొదలుపెడుతున్నాను.

నేను విశాఖపట్నం పోర్టులో పనిచేశాను. మాది విజయనగరం అవతల ఒక పల్లె. వ్యవసాయం చేసుకునేవాళ్ళం. మా తాతగారు రోజూ సాయంత్రం పురాణం చదివి ఊళ్ళోవాళ్ళకు అర్థం చెప్పేవారు. ఆయన పక్కన కూర్చుని నేనూ నేర్చుకున్నాను. పోర్టు క్వార్టర్లకు వచ్చాక ఆ అలవాటు వదలలేదు. శనివారం సాయంత్రం మా ముందు గదిలో భజన జరిగేది. సరుకు మోసే కలాసీలు, గుమాస్తాలు, వాళ్ళ ఇంటివాళ్ళు చాపల మీద సర్దుకుని కూర్చునేవారు. శ్లోకం చదివి అర్థం చెప్పడం నా పని. స్వామి పటానికి దండ కట్టడం నా భార్య పని.

ఆమెకు చదువు రాదు. అయినా ఏ శ్లోకం తరవాత ఏది వస్తుందో నాకన్నా ముందే పెదవులు కదిపేది. దండ మాత్రం ఎవరినీ కట్టనిచ్చేది కాదు. అరటినార వాడేది కాదు. నూలు దారానికి పసుపు పట్టించి, నీడలో ఆరబెట్టి, ఆ దారంతో చామంతులు కట్టేది. ప్రతి పువ్వుకూ రెండు ముళ్ళు వేసేది. ఎందుకని అడిగితే, “ఒకటూడినా ఇంకోటి ఉంటాది కదండీ” అనేది.

దేవుడి మెడలోంచి తీసిన పూలు కాలికింద పడకూడదు. మా ఊళ్ళో అయితే గెడ్డలో, పారే నీళ్ళలో, కలిపేవాళ్ళం. క్వార్టర్లలో గెడ్డ ఎక్కడిది? ఉన్నవన్నీ మురికి కాలవలే. తులసి కుండీలో వేస్తే ఆ కుండీ ఎప్పుడో నిండిపోయింది. ఆ నిర్మాల్యం ఎక్కడ పెట్టాలన్నది ఆమెకు వారం వారం ఒక బెంగ. మాకు కారు వచ్చాక ఆ బెంగ తీరింది.

కారు మా బావమరిదిది. ఊళ్ళో టాక్సీగా తిప్పేవాడు. ఉక్కు కర్మాగారం కట్టడం మొదలయ్యాక అతను లారీలోకి మారాడు. అప్పటికే నా భార్యకు కడుపులో గడ్డ అని పెద్దాసుపత్రిలో తేల్చారు. రిక్షాలో కుదుపులకు ఆమె పళ్ళు బిగించి కూర్చోవడం చూడలేక, ఆ దసరాకు మా బావమరిది కారు తెచ్చి మా వాకిట్లో నిలిపాడు.

“బావా, నువ్వు పోర్టులో జీపు తిప్పుతావు కదా. అక్కని దీన్లో తీసికెల్లు. నాకిప్పుడు దీంతో పన్నేదు” అన్నాడు.

దసరా పూజకు ఆమె కారుకు బొట్లు పెట్టింది. అభిషేకం చేసిన తీర్థం బానెట్ మీద చల్లింది. కారు ముందు అద్దానికి కింద, బానెట్ పైభాగాన, సన్నని చీలికలతో ఒక జాలీ ఉండేది. బయటి గాలి అందులోంచి దిగి, కింద ఫ్యాను పెట్టెలోకి పోయి, లోపల డాష్‌బోర్డు కిందున్న రంధ్రాల్లోంచి మనుషుల ముఖం మీదికి వచ్చేది. స్వామి దండలోంచి కొన్ని పూలు, దారంతో సహా, ఆ చీలికల్లో దోపి ఆమె దండం పెట్టుకుంది.

“ఇక్కడైతే ఎవుడూ తొక్కడు. స్వామి మనకన్నా ముందు కూకుంటాడు” అంది.

ఆ రోజు మొదలు ప్రతి శనివారం భజన అయ్యాక చివరి పని అదే. తీర్థం చల్లడం, పూలు దోపడం. వారం తిరిగేసరికి పూలు కనబడేవి కావు. గాలికి ఎగిరిపోయాయనుకునేవాళ్ళం.

కార్తీకంలో తుపాను పట్టి కొన్నాళ్ళపాటు వాన వదలకుండా కురిసింది. అది వెలిశాక ఆసుపత్రికి బయలుదేరాం. దారిలో ఆమెకు ఉక్కగా ఉందంటే ఫ్యాను వేశాను. ఒక్కసారిగా ముఖం మీద కొట్టింది ఆ వాసన. తడిసి మాగిన గోనెసంచి, నిలవ నీరు, వాటి వెనక ఏదో తియ్యదనం. ఆమె తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది. మందులు మొదలైనప్పటినుంచి అన్నం ఉడికే వాసనకే ఆమెకు కడుపులో తిప్పేది. ఆ పూట ఆసుపత్రి చేరేలోగా రెండుసార్లు కారు ఆపాను.

మా బావమరిది రాగానే పట్టుకున్నాను.

“ఏటిరా, దీన్లో ఎన్ని సేపల తట్టలు మోసీసినావు?”

“అప్పన్న తోడు బావా, ఒక్క తట్ట కూడా ఎక్కించనేదు. యారాడ సేపలోళ్ళని ఓసారి పెళ్ళికి తీసికెళ్ళాను, అంతే. పెళ్ళికూతురు సేప కాదు కదేటి?”

లోపలినుంచి నా భార్య నవ్వింది. “ఆడి మాట నమ్మకండి. సిన్నప్పుడు మా అమ్మ దగ్గరా ఇలాగే ఒట్లెట్టీవోడు.”

చాలా రోజుల తరవాత ఆమె నవ్వడం అదే. చేపల వాసనే అని మేమందరం తేల్చేసుకున్నాం. చేపల వాసనకు చేసేవన్నీ చేశాం. కారులో పరిచిన చాపల కింద ఫినాయిలు పోశాను. ఆ ఘాటుకు ఆమె కళ్ళు మండాయి. నిమ్మచెక్కలు కోసి సీట్ల కింద పెట్టాను. వేపాకు కట్టలు వేలాడదీశాను. తలుపులు మూసి లోపల సాంబ్రాణి వేశాను. ఒక పూట కారు గుడిలా ఉండేది. మర్నాడు ఫ్యాను వేయగానే మళ్ళీ అదే. పైగా సాంబ్రాణితో కలిసి ఇంకా భరించలేకుండా.

ఇంకో సంగతి కూడా మమ్మల్ని తప్పుదారి పట్టించింది. ఆదివారం ఆ వాసన మరీ ఎక్కువగా ఉండేది. మా క్వార్టర్ల వరసలో ఆదివారం పూట చేపలు వండని ఇల్లు లేదు. చుట్టుపక్కల పులుసుల వాసన కారులో చేరి పాత వాసనను లేపుతోందని నేను నమ్మాను. ఆదివారానికి ముందు రోజు శనివారం అన్న ఆలోచన నాకు తట్టలేదు.

భజనలో కూడా ఈ మాట వచ్చింది. మృదంగం వాయించే పెద్దాయన కారు చుట్టూ తిరిగి చూసి, “దిష్టి బాబూ, దిష్టి. క్వార్టర్లలో ఇంకెవుడికుంది కారు? ఈ శనివారం తీర్థం ఇంకొంచెం ఎక్కువ సల్లండి” అన్నాడు. అందరం కళ్ళు మూసుకుని కారు బాగుపడాలని ప్రార్థించాం.

“ఇన్నేళ్ళూ మోక్షం అడిగినాం. ఇప్పుడు బండి కంపు పోగొట్టమంటన్నాం. స్వామి నవ్వుకోడేటి?” అన్నాడు వెనకనుంచి ఒక కలాసీ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మనసులో మాత్రం నాకు మోక్షం కన్నా అదే కావాలనిపించింది.

పెద్దాయన మాట ప్రకారం తీర్థం చెంబెడు పోశాం. మార్గశిరమంతా ఆమె రోజూ పూలు దోపింది. వాసన రోజురోజుకూ చిక్కబడింది.

గాలి వచ్చే రంధ్రాల్లో గుడ్డలు కుక్కి చూశాను. అప్పుడు కిటికీలు తెరవక తప్పేది కాదు. తెరిస్తే పోర్టు గేటు దగ్గర ఇనుప ఖనిజం ఎర్రధూళి, ఆ తరవాత ఎండుచేపలు, ఆ పైన నూనె శుద్ధి చేసే చోటి ఘాటు. ఊళ్ళో ఉన్న వాసనలన్నీ ఒకదాని తరవాత ఒకటి ఎక్కి మా పక్కన కూర్చునేవి. ఆమె దగ్గేది. దగ్గినప్పుడల్లా కడుపు పట్టుకునేది. కిటికీలు మూసి ఆ ఫ్యాను గాలి పీల్చడమా, తెరిచి ఈ ధూళి పీల్చడమా అన్నదే ప్రతి ప్రయాణంలో మాకున్న ఎంపిక.

చైత్రంలో ఆసుపత్రివాళ్ళు ఇక మందులు మార్చి లాభం లేదని నాతో విడిగా చెప్పారు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం ఆమే అంది.

“ఈ ఏడు అప్పన్న నిజరూపం సూడాలండీ.”

సింహాచలం ఆమె ఎన్నోసార్లు వెళ్ళింది. చందనపు ముద్దగా ఉన్న స్వామినే చూసింది. వైశాఖ తదియనాడు ఆ చందనం వలిచి అసలు రూపు చూపిస్తారు. ఏటేటా అనుకునేది. ఒక ఏడు నాకు డ్యూటీ. ఒక ఏడు మా అమ్మ మంచాన పడింది. ఒక ఏడు మైల. వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూ గడిచిపోయింది.

“తప్పకుండా వెళ్దాం” అన్నాను.

“బస్సు నావల్ల కాదు. ఈ బండిలో కొండ దాకా నాను ఆ వాసన పడనేను. దారిలోనే పోతాను. ఏటైనా సెయ్యండి.”

పెళ్ళయినప్పటినుంచి ఆమె నన్ను నోరు తెరిచి అడిగింది తక్కువ. ఇది అడిగింది. కారులో వాసన పోతే ఆమె స్వామిని చూస్తుంది. పోకపోతే చూడదు. అంతకన్నా స్పష్టంగా స్వామి నాకు ఏ పనీ ఎప్పుడూ అప్పగించలేదు.

మా బావమరిది స్క్రూడ్రైవర్లు పట్టుకుని వచ్చాడు. ఆమె వరండాలో పడక కుర్చీలో పడుకుని చూస్తోంది. అడుగున ఉన్న చాపలు, సీట్లు అన్నీ బయట పడేశాం. ఎక్కడా చేప పొలుసు కూడా లేదు.

“సూసినావా బావా? నన్ను దొంగని సేసీసినావు” అన్నాడు.

అప్పుడు ఫ్యాను పెట్టె విప్పాడు. ఆ జాలీలోంచి పడిన వాననీరు బయటికి పోవడానికి పెట్టె అడుగున చిన్న రంధ్రం, దానికో రబ్బరు గొట్టం ఉంటాయి. ఆ రంధ్రం పూర్తిగా పూడిపోయి ఉంది. పెట్టెలో నల్లటి నీళ్ళు. నీళ్ళ అడుగున నల్లటి పిండిలాంటి ముద్ద. అతను చెయ్యి పెట్టి దోసెడు పైకి తీశాడు. వాసనకు ఇద్దరం ముఖాలు తిప్పుకున్నాం.

“ఏటిరా అది?” అని ఆమె వరండాలోంచి అడిగింది.

అతను ముద్దను వెలుగుకు తిప్పాడు. ముద్దలోంచి దారాలు వేలాడుతున్నాయి. పూలు కుళ్ళి పేరు లేకుండా పోయాయి. దారం కుళ్ళలేదు. నీళ్ళకు మాసినా పసుపు ఇంకా తెలుస్తోంది. ప్రతి వేలెడు దూరానికీ రెండేసి ముళ్ళు. ఒక్క ముడి కూడా ఊడలేదు.

అతను నా ముఖం చూశాడు. నేను అతని ముఖం చూశాను.

“ఎలుకే అక్కా. సచ్చిపోయింది” అన్నాడు.

ఆమె అతని చేతినే చూసింది.

“ఎలక్కి పసుపు దారం ఎవుడు కట్టేడ్రా?”

ఆ మాటకు మా బావమరిది అక్కడే చక్రం పక్కన కూలబడి చేతులు మట్టిలో రుద్దుకుంటూ ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. చేతికి పని కావాలనిపించింది.

ముద్దంతా బకెట్లోకి తీశాం. ఇనుప తీగతో రంధ్రం పొడిచాం. వేడినీళ్ళలో చాకలి సోడా కలిపి పోస్తే గొట్టంలోంచి మొదట నల్లగా, తరవాత టీ రంగులో, చివరికి తేటగా వచ్చింది. కుంకుడు రసంతో ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటీ తోమాను. తలుపులన్నీ తెరిచి ఎండలో ఉంచాం. జాలీ మీద సన్నని వల ముక్క కట్టాం. సాయంత్రం ఫ్యాను వేసి ముఖం రంధ్రాల దగ్గర పెట్టాను. ఎండబెట్టిన ఇనుము వాసన తప్ప ఏమీ లేదు. ఇన్ని నెలల మా ప్రార్థన ఫలించింది. ఆ బకెట్టు ఎక్కడ పారబోయాలో మాత్రం తెలియలేదు. అది నిర్మాల్యం. చివరికి కారులోనే పెట్టుకుని వెళ్ళి సముద్రంలో కలిపి వచ్చాను.

నేను వచ్చేసరికి ఆమె ఆ పడక కుర్చీలో అలాగే ఉంది.

“వాసన పోయింది. ఇంక కొండకు వెళ్ళొచ్చు” అన్నాను.

“నాను రాను.”

“ఎందుకు?”

“ఆయనకి ఎట్టినవి ఆయన తీసుకోనేదండీ. అన్నీ దాసి ఉంచి, కుళ్ళబెట్టి, మళ్ళీ నా ముఖాన్నే ఊదేడు. ఇంకా ఏ ముఖం పెట్టుకుని ఎల్లమంటారు?”

పువ్వు ఇచ్చినవాడి మనసు తప్ప పువ్వు స్వామికి అక్కరలేదని చెప్పే శ్లోకాలు నాకు ఎన్నో వచ్చు. వాటికి అర్థాలు చెప్పి చెప్పి నా గొంతు అరిగింది. ఒక్కటీ నోటికి రాలేదు. చివరికి, “అవి పూలే కదా. పూలు కుళ్ళుతాయి. అందులో నీ తప్పేముంది, స్వామి తప్పేముంది?” అన్నాను.

ఆమె తన పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

“నానూ అంతే కదండీ మరి” అంది.

ఆమెకు అన్నీ తెలుసునని అప్పుడు నాకు తెలిసింది.

ఆ శనివారం భజనకు ఆమె దండ కట్టలేదు. ఎవరో బజారునుంచి తెచ్చిన దండ వేశారు. నేను శ్లోకం చదివాను. అర్థం చెప్పలేదు. గొంతు బాగాలేదన్నాను. ఆమె లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకుంది. పెదవులు కదిపిందో లేదో నాకు తెలియదు.

వైశాఖ తదియనాడు తెల్లవారి నేను స్నానం చేసి ఊరికే కూర్చుని ఉంటే, ఆమె గోడ పట్టుకుని వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది.

“పదండి. మీకోసం వత్తన్నాను. నాకోసం కాదు” అంది.

మా బావమరిది నడిపాడు. కిటికీలు మూసి ఫ్యాను వేశాం. గాలి శుభ్రంగా, చల్లగా వచ్చింది. గోపాలపట్నం దాటేదాకా ఆమె కళ్ళు మూసుకుని ఆ గాలి పీలుస్తూనే ఉంది. ఒక్కసారి కూడా కారు ఆపలేదు. నాకు ఆశ పుట్టింది. ఆ ఆశ పుట్టకపోతే బాగుండేది.

కొండ కింద అడివివరంలోనే బళ్ళన్నీ ఆపేశారు. అక్కడినుంచి జనమే జనం. పైకి వెళ్ళే బస్సుల కోసం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నారు. ఆమె కారు దిగి నాలుగు అడుగులు వేసి, నా భుజం పట్టుకుని వంగిపోయింది. ముఖంలో నెత్తురు లేదు. మళ్ళీ ఎత్తి సీట్లో పడుకోబెట్టాం.

“ఇంటికి పోదాం” అన్నాను.

“మీరెల్లండి. ఎల్లి సూసొచ్చి నాకు సెప్పండి. తమ్ముడు నా దగ్గరుంటాడు.”

వెళ్ళాను. ఎంతసేపు వరసలో నిలబడ్డానో చెప్పలేను. ఎండ నెత్తిమీదికి వచ్చింది. ‘అప్పన్నా, అప్పన్నా’ అని చుట్టూ వేలమంది పిలుస్తుంటే, నేను మాత్రం పిలవకుండా నడిచాను. గర్భాలయం ముందుకు వచ్చాక, లోపల దీపాల వెలుగులో ఏదో నల్లగా, పొడుగ్గా కనబడబోతుండగా, వెనకనుంచి ఒక్క తోపు తోశారు. ఎవరో ముసలామె నా ముందు పడిపోబోయింది. ఆమెను పట్టుకున్నాను. తల ఎత్తేసరికి అవతలి గుమ్మంలో ఉన్నాను.

మెట్లు దిగుతూ దారంతా ఆలోచించాను. చూశానని చెబితే ఆమె సంతోషిస్తుంది. కారు దగ్గరకు రాగానే ఆమె కళ్ళు తెరిచింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

“ఎలా ఉన్నాడండీ?”

అబద్ధం రాలేదు. “తోసేశారు. సరిగా కనబడలేదు” అన్నాను.

“పోన్లెండి.” కొంచెంసేపు ఊపిరి తీసుకుని మళ్ళీ అడిగింది. “సెందనం తీసేసేక ఆయన దగ్గర ఏటి వాసనొత్తాది?”

నేను చూసుకోలేదు. అంత దూరం వెళ్ళి, అన్ని నెలలు వాసనతోనే బతికి, ఆ గుమ్మం ముందు ఒక్కసారి ముక్కుతో ఊపిరి పీల్చి చూడాలని నాకు తోచలేదు. తెలియదని తల అడ్డంగా ఊపాను. ఆమె కళ్ళు మూసుకుంది. తిరుగుదారిలో ఫ్యాను ఆపెయ్యమంది. చలిగా ఉందట. బయట వైశాఖపు ఎండ మండిపోతోంది.

ఆషాఢం రాకముందే ఆమె పోయింది.

తరవాత కూడా కారు చాలాకాలం మా వాకిట్లో ఉంది. మా బావమరిది తీసుకెళ్ళలేదు, నేను ఇవ్వలేదు. అప్పుడప్పుడు అందులో కూర్చుని ఫ్యాను వేసేవాణ్ణి. శుభ్రమైన గాలి వచ్చేది. ఆ పాత వాసన ఎక్కడైనా, ఏ మూలైనా, కొంచెం మిగిలిందేమోనని ముఖం రంధ్రాల దగ్గర పెట్టి వెతికేవాణ్ణి. మేం బాగా కడిగాం. ఏమీ మిగల్లేదు.

మళ్ళీ ఏ తదియకూ నేను కొండ ఎక్కలేదు. ఆమె అడిగినదానికి జవాబు తెలుసుకోవాలంటే వెళ్ళాలి. తెలుసుకుని చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు. శనివారం భజన మాత్రం మానలేదు. శ్లోకాలు చదువుతాను. పువ్వు గురించిన శ్లోకం వస్తే అర్థం చెప్పకుండా తరవాతిదానికి వెళ్ళిపోతాను.

ఇది చదివినవారిని ఒక్కటే అడుగుతున్నాను. నా ఒక్కడి గొంతు ఆయనకు వినిపించినట్టు లేదు. మీరూ నాతో కలిసి చేతులు జోడించండి. తండ్రీ, వరాహమై బురదను ముక్కుతో పెళ్ళగించినవాడివి, నీకు కుళ్ళు కొత్త కాదు. మా చేతులతో నీకు పెట్టినవి వాడిపోయినా, మురిగిపోయినా, తిప్పి మా ముఖాన కొట్టకు. రెండు ముళ్ళు వేసి నీకు దండ కట్టిన ఆ చేతులను గుర్తుపెట్టుకో. ఆమె నీ దగ్గరకు చేరి ఉంటే, చందనం లేని నీ అసలు వాసన ఏమిటో ఆమెకు నువ్వే చెప్పు.